కొల్లేటి ఈతగాడు, సముద్రపుటల

వేసవి సెలవులు వచ్చినంతనే మండవల్లి, కైకలూరు ప్రాంతముల కుర్రకారు చూపు సముద్రమువైపు మరలును. ఈ ఊళ్లకు సముద్రము కంటికి కనబడదు గాని అంత దూరమునను లేదు. మండవల్లిలో రైలెక్కి గుడివాడలో మారినచో మచిలీపట్నము చేరవచ్చును. అచ్చటినుండి మంగినపూడి ఒడ్డు పది పన్నెండు కిలోమీటర్లు. భీమవరము మీదుగా మొగల్తూరు మండలములోని పేరుపాలెమునకు పోవువారును కలరు. కార్తిక, మాఘ పూర్ణిమలకు పుణ్యస్నానములకై కిటకిటలాడు ఈ ఒడ్డులు ఇప్పుడు సెలవుదినములందును అట్లే కిటకిటలాడుచున్నవి. నడుములోతు నీటిలో నిలిచి, వచ్చు అలకు వీపునప్పగించి, అది ఎత్తి ఒడ్డువైపు విసరివేయగా కేరింతలు కొట్టుట వీరి వేడుక. చేతిలో పలక లేకున్నను ఇది అలల స్వారియే.

వీరిలో పెక్కుమంది ఈత వచ్చినవారు. కాలువగట్టున పుట్టి పెరిగినవానికి ఈత నేర్పవలసిన పని యుండదు. అయినను సముద్రపుటొడ్డున మునిగి మరణించినవారినిగూర్చి పత్రికలలో చదువునపుడు, “బాగుగా ఈదగలవాడే” అను మాట తరచు కనబడును. ఈత వచ్చినవాడు మొలలోతు నీటినుండి ఏల కొట్టుకొనిపోవలెను? చూచుటకు చిన్నదైన ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సరియైన సమాధానము చెప్పి ఇంకను నూరేండ్లు కాలేదు. ఆ సమాధానము చెప్పిన మువ్వురిలో ఒకడు తరువాత మన వాల్తేరునకు వచ్చి పాఠములు చెప్పెను. ఆ కథకు పూర్వము అలనుగూర్చి కొంత తెలిసికొనవలెను.

కొల్లేటిలోను అలలు లేచును. గాలి గట్టిగా వీచిన దినమున దోనె నడుపువానికి అవి చాలినంత చికాకు కలిగించును. కాని కొల్లేరు లోతు తక్కువ సరస్సు; గాలి ఎంత వీచినను నీటిపై దానికి దొరకు పరుగు కొద్ది కిలోమీటర్లే. అందుచేత అచ్చటి అల పొట్టిది. ఒక శిఖరము పోయిన రెండు మూడు సెకండ్లకే మరియొకటి వచ్చును. రెండు సెకండ్ల అలయొక్క నిడివి, అనగా శిఖరమునకు శిఖరమునకు నడుమ దూరము, సుమారు 6 మీటర్లు. గాలి నిలిచినచో కొంతసేపటికి ఆ అలలును నిలిచిపోవును.

సముద్రపుటల సంగతి వేరు. మంగినపూడిలో ఆకు కదలని వేళ గూడ అలలు వచ్చుచునే యుండును. వానిని పుట్టించిన గాలి ఇచ్చటిది కాదు. హిందూ మహాసముద్రమున దక్షిణమున 40, 50 అక్షాంశముల నడుమ ఏడాది పొడుగున తుఫానులు చెలరేగును. అచ్చట పుట్టిన అలలు ఉత్తరముగా బయలుదేరి, చిన్నవి దారిలో అణగిపోగా, నిడుపైనవి మాత్రము నడచి వచ్చును. లోతు సముద్రమున అల వేగము దాని కాలముపై ఆధారపడును. 12 సెకండ్ల అలకు నిడివి 225 మీటర్లు, వేగము గంటకు 67 కిలోమీటర్లు. 16 సెకండ్లదానికి నిడివి సుమారు 400 మీటర్లు, వేగము గంటకు 90 కిలోమీటర్లు. అయితే అలల గుంపు అంతటికి కలిసి ముందుకు సాగు వేగము ఇందులో సగమే. ఆ లెక్కన 16 సెకండ్ల అలల గుంపు దినమునకు వేయి కిలోమీటర్లకు కొంచెము పైగా నడచును. దక్షిణపు తుఫానునుండి ఆంధ్రతీరమునకు సుమారు ఏడువేల కిలోమీటర్లు. అనగా శనివారమునాడు ఒడ్డున కుర్రవానిని ఎత్తివేయు అల, ఆతడు ప్రయాణమునకు ముచ్చటపడుటకు ముందే, వెనుకటి ఆదివారము నాటికే బయలుదేరినదై యుండవచ్చును!

అల యనగా నీరు నడచి వచ్చుట కాదు. నీటి ఊపు నడచి వచ్చుట. లోతు నీటిలో నీటికణము ఒక వలయమున తిరిగి దాదాపు బయలుదేరిన చోటికే వచ్చును. కాని లోతు అల నిడివిలో సగముకంటె తక్కువ అయినప్పటినుండి అలకు నేల తగులనారంభించును. అల నెమ్మదించును, నిడివి తగ్గును, ఎత్తు పెరుగును. ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లు లోతు ఉన్న చోట అల నిలువలేక విరుగును. మీటరు ఎత్తు అల దాదాపు 1.3 మీటర్ల లోతున విరుగును. అది మనుష్యుని రొమ్ములోతు. అచ్చట ఊపు మాత్రమే కాదు, నీరును నిజముగా ఒడ్డువైపు నెట్టబడును. ఈ నీరు ఏమగును? కథకు కీలకము ఈ ప్రశ్నయే.

తూర్పుతీరమున విరుగు అలలతో బేరము నేర్చినవారు మొదట మన మత్స్యకారులు. దుంగలను తాళ్లతో కట్టిన తెప్పపై మోకాళ్లూని కూర్చుండి, అలలు మందగించిన సందు చూచి బయటికి పోవుట, తిరిగి వచ్చునపుడు ఒక అల ముందుభాగమున తెప్పనుంచి దానితోబాటు ఒడ్డునకు దూకుట వారికి నిత్యకృత్యము. తెప్పలోనికి నీరు వచ్చుననెడి భయము లేదు. ఎక్కిన నీరు సందులలోనుండి జారిపోవును. పెద్ద సరకులకు మసూలా పడవ యుండెడిది. దానికి మేకులు లేవు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టెడివారు. అల కొట్టినపుడు మేకుల పడవ పగిలిపోగా, కుట్టుపడవ వంగి ఊరకుండెడిది. చెన్నపట్నమునకు రేవు కట్టకపూర్వము ఓడలు దూరమున లంగరు వేసి నిలువగా, తెల్లదొరలును వారి మూటలును ఈ పడవలలోనే అలలు దాటి ఒడ్డెక్కవలసి వచ్చెడిది. అలల నడుమ సందు ఎప్పుడు వచ్చునో, ఏ చోట నీరు బయటికి పోవుచున్నదో ఈ పడవవాండ్రకు తెలియును. ఆ విద్య పుస్తకమునకెక్కలేదు. తండ్రి కొడుకునకు చూపగా నిలిచినది అంతే.

అలపై స్వారిని వేడుకగా, గౌరవముగా పెంచినవారు పసిఫికు సముద్రపు ద్వీపవాసులు. 1779లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయి ద్వీపమున కెయలకెకువా అఖాతమున నిలిచియుండగా, ఆతని సహచరుడైన జేమ్స్ కింగ్ అచ్చటివారు పలకలపై పరుండి పెద్ద అలలపై దూసుకొనివచ్చుట చూచి ఆశ్చర్యపడి వ్రాసెను. ఆ వర్ణన 1784లో అచ్చుపడినది. 19వ శతాబ్దమున ద్వీపవాసులు విదేశపు రోగములకు గురియై క్షీణించిరి, వారి ఆటలును క్షీణించినవి. 20వ శతాబ్ది ఆరంభమున వైకీకీ ఒడ్డున ఈ విద్య మరల తలయెత్తెను. 1907లో జార్జి ఫ్రీత్ అను హవాయి యువకుడు కాలిఫోర్నియాకు పోయి అలల స్వారి చేసి చూపెను. తరువాత ఒడ్డున రక్షకుడుగా కుదిరి, 1908 డిసెంబరులో తుఫానులో చిక్కిన జపాను బెస్తవారిని పలువురిని కాపాడి పతకము పొందెను. 1912 ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈతలో స్వర్ణపతకమునొందిన డ్యూక్ కహనమొకు 1914 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ తీరమున పలకపై నిలిచి జనులకు చూపెను. 1925 జూనులో కాలిఫోర్నియాలో ఒక పడవ అలలలో బోర్లపడగా, ఈతడే తన పలకపై పోయివచ్చుచు ఎనమండుగురిని ఒడ్డు చేర్చెను. అప్పటినుండి పలక ఆటవస్తువు మాత్రమేగాక రక్షణసాధనముగా గూడ గుర్తింపబడెను. అలల స్వారి ఒలింపిక్ క్రీడలలో చేరినది మాత్రము టోకియోలో, 2021లో.

ఆటగాండ్రు ఒడ్డున పెరిగినకొలది మునుగువారును పెరిగిరి. ఆ కాలమున దానికి చెప్పెడి కారణము “అడుగు లాగుడు”. ఒడ్డెక్కిన నీరు అడుగున వెనుకకు పోవుచు మనిషిని కాళ్లుపట్టి లోనికీడ్చి ముంచునని జనుల నమ్మకము. మన ఒడ్డులలోను నేటికి ఇదే మాట వినబడును. అల ఒడ్డెక్కి జారునపుడు కాళ్లక్రింద ఇసుక తొలచుకొనిపోవుట నిజమే. కాని ఆ జారుడు కొన్ని సెకండ్లలో తరువాతి అలతో ముగియును. అది మనిషిని నూరు మీటర్లు కొనిపోజాలదు.

ఫ్రాన్సిస్ షెపర్డ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1936లో “సైన్స్” పత్రికలో ఒక చిన్న లేఖ వ్రాసి, కొనిపోవునది అడుగు లాగుడు కాదనియు, నీటి పైభాగముననే ఒడ్డునుండి బయటికి సాగు ఇరుకైన ప్రవాహమనియు చెప్పి, దానికి “రిప్ కరెంటు” అను పేరు ప్రతిపాదించెను. తెలుగున దీనిని మరలు ప్రవాహమనవచ్చును. 1941లో షెపర్డ్, ఎమెరీ, లఫాండ్ అను మువ్వురు కాలిఫోర్నియా తీరమున చేసిన పరిశీలనలతో పెద్ద వ్యాసమును ప్రకటించిరి. ఈ ప్రవాహమునకు మూడు భాగములని వారు చూపిరి. ఒడ్డు వెంబడి ఇరువైపులనుండి నీరు తెచ్చు పాయలు మొదటివి. ఆ నీరు కలిసి అలల వరుసను చీల్చుకొని బయటికి పోవు ఇరుకైన కంఠము రెండవది. అలలు విరుగు చోటు దాటినపిమ్మట విడిపోయి మందగించు తల మూడవది.

ఈ మువ్వురిలో యూజీన్ లఫాండ్ స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో పనిచేసినవాడు. ఆ సంస్థలోనే రెండవ ప్రపంచయుద్ధ కాలమున హరాల్డ్ స్వెర్‌డ్రుప్, వాల్టర్ మంక్ అనువారు అలల జోస్యమును శాస్త్రముగా రూపొందించిరి. సైనికులను పడవలలో శత్రుతీరమున దింపవలెనన్నచో ఆనాడు ఆ ఒడ్డున అలలెంత ఎత్తుండునో ముందుగా తెలియవలెను. దూరపు గాలి ఎంత వేగముతో, ఎంత సేపు, ఎంత దూరము వీచెనో తెలిసినచో అలల ఎత్తును కాలమును లెక్కింపవచ్చునని వారు చూపిరి. 1944లో నార్మండీ తీరమున సైన్యము దిగుటకు ఈ పద్ధతి ఉపయోగపడెను. పడవ నడుపువాడు “ఈదినము అల ఇంత ఎత్తు” అని కంటితో చెప్పు మాట, అలలన్నిటిలో మిక్కిలి పెద్దవైన మూడవవంతు అలల సగటుతో సరిపోవుచున్నదని వారు గమనించిరి. నేటికిని సముద్ర సూచనలలో చెప్పు అల ఎత్తు అదియే. కావున 1.5 మీటర్ల అలలని సూచనయున్న దినమున అప్పుడప్పుడు మూడు మీటర్లకు చేరువయైన అల రావచ్చును. కొంతసేపు ఒడ్డున నిలిచి “ఇంతే గదా” అనుకొని దిగువాడు ఎరుగనిది ఇదియే.

1952లో లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా ఆంధ్ర విశ్వకళా పరిషత్తునకు వచ్చెను. 1955-56లో మరల వచ్చెను. అప్పుడు ఉపాధ్యక్షుడు వి. ఎస్. కృష్ణ, భూగర్భ శాస్త్ర శాఖను సి. మహదేవన్ నడుపుచుండెను. సముద్రము గుమ్మము ముందున్నను దానిని శాస్త్రముగా చదువు అలవాటు మన దేశమున అప్పటికి బాల్యావస్థలోనే యుండెను. లఫాండ్ మన యువకులతో కలిసి నావికాదళపు ఓడలలో బంగాళాఖాతముపై పరిశీలనలు సాగించెను. వసంతమున విశాఖ తీరము దగ్గర చల్లని అడుగు నీరు పైకి వచ్చుచున్నదని తేల్చినదప్పుడే. 1954లో పరిషత్తు సముద్రశాస్త్ర గ్రంథమాలగా ఆ వ్యాసములను వెలువరించెను. అందు వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ ఋతువున కోతపడుచున్నదో, ఏ ఋతువున మేట వేయుచున్నదో లఫాండ్, ప్రసాదరావు కలిసి కొలిచిన వ్యాసమొకటి కలదు. తరువాత 1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధనయాత్రలో మన తీరమునకెదుట కనుగొన్న సముద్రగర్భపు లోయలకు లఫాండ్ ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టెను. ఇసుక కొలత అంత గొప్పగా వినబడకపోవచ్చును. కాని ఒడ్డున స్నానమాడువాని ప్రాణమునకు ఆ లోయలకంటె ఇసుకమేటయే దగ్గరి చుట్టము.

ఏలయనగా మరలు ప్రవాహమును పుట్టించునది ఆ మేటయే. ఒడ్డునకు కొంత దూరమున నీటి క్రింద ఇసుక కట్టవలె పేరుకొనును. అలలు ఆ మేటపై విరిగి నీటిని లోపలికి నెట్టగా, మేటకు ఒడ్డునకు నడుమ నీటిమట్టము కొన్ని అంగుళములు పెరుగును. విరుగు అలలు నీటిమట్టమునెట్లు పెంచునో లాంగెట్-హిగిన్స్, స్టీవర్ట్ అనువారు 1960 తరువాతి సంవత్సరములలో గణితముతో నిరూపించిరి. పెరిగిన నీరు మరలి పోవలెను. మేటమీదుగా అలలకెదురు పోవుటకంటె, మేట తెగి లోతైన గండి ఉన్న చోట పోవుట సులువు. అందుచే నీరు అటునిటు ఒడ్డు వెంబడి పారి గండిలో కలిసి బయటికి దూకును. చెరువుగట్టుకు గండిపడినట్లే, కాని ఇచ్చట గట్టు నీటి క్రింద యుండుటచే గండి కనబడదు. విశాఖ తీరమున సుమారు మార్చినుండి అక్టోబరువరకు ఇసుక ఉత్తరముగా, తరువాత శీతకాలమున దక్షిణముగా సాగుచుండును. మేట కదలును, గండియు కదలును. నిరుడు క్షేమముగా స్నానమాడిన చోటు ఈ ఏడు గండి కావచ్చును.

ఇందులో మిక్కిలి మోసకరమైన సంగతి యొకటి కలదు. గండిలో లోతెక్కువగుటచే అలలు అచ్చట అంతగా విరుగవు. ఇరుప్రక్కల తెల్లని నురుగుతో అలలు గర్జించుచుండగా, నడుమ ఒక పట్టీ నల్లగా, నెమ్మదిగా కనబడును. ఈత రానివారిని, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన కుటుంబము అలల తాకిడికి వెరచి “ఇచ్చట నిమ్మళముగా నున్నది” అని సరిగా అచ్చటనే దిగును. జనము క్రిక్కిరిసినపుడు ఖాళీగా మిగిలిన చోటును అదియే కావచ్చును.

ఈ ప్రవాహపు వేగము సాధారణముగా సెకండుకు అర మీటరు మొదలు ఒక మీటరు వరకు. ఒక్కొక్కప్పుడు రెండు మీటర్లు దాటును. ప్రపంచపు మేటి ఈతగాడు 100 మీటర్లను 47 సెకండ్లకు లోపున ఈదును. అనగా సెకండుకు 2 మీటర్లకు కొంచెము పైగా. కాలువలో ఈత నేర్చిన మండవల్లి కుర్రవాడు ఎంత దిట్టయైనను దానిలో సగము వేగమును కొద్ది నిమిషములైనను నిలుపుకొనలేడు. ప్రవాహము మనిషిని ముంచదు, తేల్చియే కొనిపోవును. ఒడ్డు దూరమగుట చూచి భీతిల్లి, ఒడ్డుకు నేరుగా ఈది, అలసి, అటుపిమ్మట మునుగును.

2024 మేనెలలో దక్షిణ హిందూ మహాసముద్రమునుండి నిడుపైన అలలు వచ్చుచున్నవని హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము ముందుగా హెచ్చరించెను. 1999లో స్థాపింపబడిన ఈ సంస్థ తీరమంతటికి అలల సూచనలిచ్చుచున్నది. అయినను మే 6వ తేదీన కన్యాకుమారి దగ్గర ఒడ్డున విహారమునకు వచ్చిన అయిదుగురు వైద్యవిద్యార్థులు అలలకు కొట్టుకొనిపోయి మరణించిరి. స్థానికముగా గాలివానలు లేవు, ఆకాశము భయపెట్టలేదు. లెక్క తప్పలేదు, హెచ్చరిక ఆలస్యము కాలేదు. హైదరాబాదునుండి బయలుదేరిన మాట ఒడ్డున చెప్పులు విప్పువాని చెవికి చేరు దారిలోనే ఎచ్చటనో ఆగిపోయినది. స్వెర్‌డ్రుప్, మంక్‌ల కాలమున సైన్యాధిపతికి చేరిన సమాచారము, ఎనుబదియేండ్ల తరువాత సెలవులకు వచ్చిన విద్యార్థికి చేరకపోవుట విచారకరము.

మంగినపూడి ఒడ్డు ఏటవాలు తక్కువ, నల్లని ఒండ్రునేల. అచ్చట అలలు దూరమునుండియే మెల్లగా చిట్లుచు వచ్చును. విశాఖ తీరము అంత నెమ్మదియైనది కాదు. 2020లో నీలిజెండా గుర్తింపు పొందిన ఋషికొండవంటి ఒడ్డులలో రక్షకులుండుట ఆ గుర్తింపునకు ఒక నియమము. పేరు పొందని పొడవాటి ఒడ్డులలో కాపలా కంటె జనమే ఎక్కువ.

మరలు ప్రవాహమున చిక్కినవాడు చేయవలసినది కాలువ ఈతగానికి కొత్త విద్య కాదు. ఏలూరు కాలువను దాటువాడెవ్వడును నీటికెదురు ఈదడు. అడ్డముగా ఈదును, నీరు తనను కొంత దిగువకు తీసికొనిపోవుననియు, దిగిన చోటికెదురుగా కాక అంతకు క్రిందుగా గట్టెక్కుదుననియు ముందే ఎరుగును. సముద్రమున ప్రవాహము ఒడ్డునుండి బయటికి పారుచున్నది గనుక అడ్డముగా ఈదుట యనగా ఒడ్డునకు సమాంతరముగా ఈదుట. కంఠము వెడల్పు తరచు కొన్ని మీటర్లనుండి కొన్ని పదుల మీటర్లే. అది దాటి, నురుగు కనబడు చోటికి చేరినచో అలలే లోపలికి నెట్టును. ఈదు శక్తి లేనివాడు వెల్లకిల తేలి చేయెత్తి పిలువవలెను. ఇటీవలి కొలతలలో పెక్కు మరలు ప్రవాహములు సుడివలె తిరిగి, తేలుచున్నవానిని కొన్ని నిమిషములలో మేటవద్దకు మరల తెచ్చుచున్నట్లు కనబడినది. ఒడ్డుననున్నవాడు మాత్రము ఉత్తచేతులతో దూకరాదు. ఖాళీ నీళ్లడబ్బాయైనను, గాలిగొట్టమైనను, తేలెడిది ఏదో ఒకటి విసరవలెను. రక్షింపబోయి మునిగినవారు ఈ లెక్కలో తక్కువమంది కారు.

2004 ప్రాంతమున కర్ణాటకలోని ముల్కిలో మొదలైన పలకల స్వారి తరువాత చెన్నపట్నము దగ్గరి కోవళమునకు, విశాఖకు ప్రాకినది. కోవళమున దానిని అందిపుచ్చుకొన్నవారిలో బెస్తపల్లెల పిల్లలు పెక్కుమంది. వారు నీటిలో దిగుటకు ముందు ఒడ్డున నిలిచి కొంతసేపు చూతురు. వెదకునది నురుగు లేని ఆ నల్లని పట్టీనే. విరుగు అలలతో పోరాడకుండ బయటికి పోవుటకు అదియే వారికి దారి. పలకపై పరుండి దానిలో ప్రవేశించినచో, చేతులంతగా ఆడింపకయే అలలకావలకు చేరుదురు. తాతలు తెప్పలను బయటికి తీసినదియు ఇట్టి చోట్లనుండియే.